అక్కి మానింది, మంట మానలేదు

మొదట గుండె అనుకున్నాం. ఎడమ రొమ్ము కింద మొదలై పక్కగా వీపు దాకా మంట, మధ్యమధ్యలో పోటు. స్టెంటు పడిన మనిషిని, ఇంకేం అనుకుంటాం? సత్యనారాయణపురం నుంచి ఆసుపత్రికి చేరేదాకా మా ఆవిడ ఆటోలో నా చెయ్యి వదల్లేదు. ఈసీజీ బాగుంది, రక్తపరీక్ష బాగుంది, ఎకో బాగుంది. ఇంటికి వెళ్లమన్నారు. రెండ్రోజులు పోయాక వీపు రుద్దుతూ ఆవిడే చూసింది. "ఏమండీ, ఇక్కడేదో పేలింది, చెయ్యి పెట్టకండి" అంది. ఎర్రగా కందిన చోట నీటి పొక్కులు గుత్తులుగా లేచాయి. వెన్నెముక దగ్గర మొదలై ముందుకి సగం పట్టీ. కుడి పక్కకి ఒక్కటీ దాటలేదు.

దాన్ని అక్కి అంటారు, సర్పి అనీ అంటారు. డాక్టర్లు షింగిల్స్ అంటారు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవాళ్ల ఒంట్లో ఆ వైరస్ పూర్తిగా పోదు. వెన్ను పక్కన నరాల ముడుల్లో దాక్కుని, వయసు మీదపడి ఒంట్లో పట్టు తగ్గాక ఏదో ఒక నరం వెంట బయటికొస్తుంది. అందుకే ఒక పక్కకే వస్తుంది. ఎదురింటి పిన్నిగారు పాతకాలపు నాటువైద్యం చెప్పారు, కుమ్మరి చేత అక్కి రాయించమన్నారు. మా అమ్మ బతికి ఉంటే ముందు ఆ పనే చేయించేది. నేను పిన్నిగారికి సరేనని చెప్పి చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లాను. పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు మందు మొదలుపెడితే మంచిదని ఆయన అప్పటికప్పుడే వాలాసైక్లోవిర్ రాశారు. వారం తిరిగేసరికి పొక్కులు ఎండాయి, చెక్కు కట్టాయి, రాలిపోయాయి. అక్కి మానింది. మంట మాత్రం అలాగే ఉండిపోయింది.

ఈ మంట గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే పడనివాళ్లకి ఇది అర్థం కాదు. పైకి చూస్తే ఏమీ ఉండదు, నాలుగు నల్లమచ్చలు తప్ప. కానీ బనియను అంచు తగిలితే చాలు, ఇస్తిరి పెట్టె ఆనించినట్టు ఉండేది. గట్టిగా అదిమి పట్టుకుంటే అంత నొప్పి లేదు, పైపైన తాకితేనే ప్రాణం పోయేది. మే నెల బెజవాడ సంగతి వేరే చెప్పాలా? ఫ్యాను వేస్తే గాలికి మంట, ఆపితే చెమటకి మంట. మా ఆవిడ తన పాత వెంకటగిరి చీర ఒకటి చింపింది. ఉతికి ఉతికి మెత్తబడ్డ ఆ గుడ్డని రోజూ పొద్దున్నే నా పక్కటెముకల చుట్టూ బిగించి కట్టి, కొసలు కుడి పక్కన దోపేది. బిగించి కడితే బట్ట కదలదు, కదలకపోతే కాస్త ఊపిరి ఆడుతుంది. రాత్రుళ్లు హాల్లో కుర్చీలో కూర్చుని రైళ్ల కూతలు వినేవాణ్ణి. ముప్పై ఏళ్లకి పైగా టీటీఈగా చేసినవాణ్ణి కాబట్టి ఏ కూత ఏ బండిదో టైమును బట్టి చెప్పగలను. అన్ని బండ్లూ వెళ్లిపోయేవి, నాకు నిద్ర మాత్రం వచ్చేది కాదు.

మూడు నెలలు దాటాక డాక్టరు దీనికి వేరే పేరు చెప్పారు: పోస్ట్ హెర్పెటిక్ న్యూరాల్జియా. వైరస్ తన పని తాను చేసుకుపోయింది, అది పాడుచేసిన నరం మాత్రం ఊరికే కేకలు పెడుతోంది. వయసు పెరిగేకొద్దీ ఇలా నొప్పి మిగిలిపోయేవాళ్లు ఎక్కువట. ప్రెగాబలిన్ మొదలుపెట్టారు. డోసు పెంచితే మంట తగ్గింది గానీ తల తిరుగుడు పట్టుకుంది, పాదాలు వాచాయి. బాత్రూం గడప దగ్గర తూలి తలుపు పట్టుకుని నిలబడ్డ రోజున, ఇక దీని డోసు పెంచనని ఒట్టు పెట్టుకున్నాను.

ఆ రోజుల్లోనే శాన్ హోసే నుంచి మా వదినగారు, అంటే మా ఆవిడ అక్కగారు, ఫోన్ చేశారు. "మరిదిగారూ, తిట్టనంటే ఒక మాట చెప్తాను" అన్నారు. పొద్దున్నే విష్ణు సహస్రనామం చదివిగానీ కాఫీ ముట్టని మనిషి ఆవిడ. తిట్టనన్నాను. రాత్రి పడుకోబోయే ముందు గంజాయి కలిపిన గమ్మీ, అంటే జెల్లీ మిఠాయి, ముక్క ఒకటి వేసుకుంటారట, మోకాళ్ల నొప్పులకీ నిద్రకీ. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పక్కనే ఉన్న మా ఆవిడ మాత్రం గట్టిగానే "అక్కా!" అంది.

కాలిఫోర్నియాలో అది నేరం కాదు. 1996లో ఓటర్లు వైద్యానికి అనుమతించారు, 2016లో 21 ఏళ్లు దాటినవాళ్లందరికీ. వదినగారు చెప్పిన పద్ధతి వింటే మన పిల్లలు మనకి షుగరు మాత్రల గురించి చెప్పే జాగ్రత్తలే గుర్తొచ్చాయి. అక్కడ తినే సరుకు ఒక్కో వంతులో మత్తు నిచ్చే టీహెచ్‌సీ 10 మిల్లీగ్రాములు దాటకూడదని నియమం. ఆవిడ ఆ ముక్కని కత్తితో నాలుగు చేసి ఒకటే తింటారు, అంటే రెండున్నర మిల్లీగ్రాములు. మొదలుపెట్టే ముందు తన డాక్టరుకి చెప్పి, వేసుకునే మాత్రలన్నీ చూపించారు. వేసుకున్నాక కారు తాళం ముట్టుకోరు. మనవడు చాక్లెట్ అనుకుంటాడని డబ్బాని బీరువాలో నగల పక్కన పెట్టి తాళం వేస్తారు. అయినా మొదట్లో ఓసారి బోల్తా పడ్డారట. గంటయినా ఏమీ తెలియడం లేదని ఇంకో ముక్క వేసుకున్నారు. కడుపులోకి పోయింది ఎక్కడానికి రెండు గంటలు కూడా పట్టొచ్చు. రెండూ కలిసి ఎక్కేసరికి గుండె దడదడా కొట్టుకుని, గోడ పట్టుకుని కూర్చుని తెల్లవార్లూ దేవుణ్ణి తలుచుకున్నారు. "పీలిస్తే వెంటనే తెలుస్తుందిట, తింటే తెలియదు, అక్కడే మోసం" అన్నారు. చివర్లో, వచ్చే సంక్రాంతికి వచ్చేటప్పుడు నాలుగు తెస్తానన్నారు. "అమ్మో, వద్దు వదినగారూ" అన్నాను. రాష్ట్రంలో లీగల్ అయినా అమెరికా కేంద్ర చట్టంలో అది నిషిద్ధమే, విమానం ఎక్కించడం అక్కడా నేరమే. ఇక్కడ దిగితే మత్తుమందుల మీద మన ఎన్‌డీపీఎస్ చట్టం ఉంది. రిటైరైన రైల్వే వాడు గన్నవరంలో గమ్మీలతో పట్టుబడ్డాడని పేపర్లో రావడం ఒక్కటే తక్కువ.

నాకు గంజాయి అంటే తెలిసింది వేరే. వైజాగ్ వైపు నుంచి వచ్చే బండ్లలో బెర్తు కింద ఒక బ్యాగు ఉంటుంది. ఎవరిదంటే ఎవరూ మాట్లాడరు. బ్రౌన్ టేపు చుట్టిన పొట్లాలు, వాసన రాకుండా పైన కాఫీ పొడో కలరా ఉండలో. అయినా ఆ పచ్చి వాసన ఆగేది కాదు, ఏసీ కోచ్‌లో మరీను. ఆర్‌పీఎఫ్ వాళ్లని పిలిచి అప్పగించేవాళ్లం. ఒక్కోసారి బ్యాగు పక్కన మనిషి కూడా దొరికేవాడు. ఏజెన్సీ కుర్రాడు, కాళ్లకి రబ్బరు చెప్పులు, చెన్నై దాకా చేరిస్తే కొన్ని వేలు ఇస్తామన్నారంతే. ఆ బ్యాగు ఎవరిదో, అక్కడ ఎవరు దించుకుంటారో వాడికి తెలియదు. 20 కిలోలు దాటితే చట్టం లెక్కలో అది వ్యాపార పరిమాణం, తక్కువలో తక్కువ పదేళ్లు జైలు, లక్ష జరిమానా, బెయిలు రావడం కూడా గగనమే. శీలావతి రకమని పేరుపడిన ఆ సరుకు పండించేది కొండల్లో, డబ్బు చేరేది ఇంకెక్కడికో, జైలుకి పోయేది రబ్బరు చెప్పులవాడు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర మన పోలీసులు రెండు లక్షల కిలోలు ఒకేచోట తగలబెట్టినప్పుడు టీవీలో చూస్తూ నేను ఆ కుర్రాళ్లనే తలుచుకున్నాను.

కాబట్టి వదినగారి మాట నాలో రెండు పక్కలా లాగింది. నొప్పి ఉన్నవాడికి సిద్ధాంతాలు నిలవవు, అది కూడా నిజం.

పొద్దున నడకలో మా ముసలి బ్యాచ్ ఒకటి ఉంది. నడక తక్కువ, శివాజీ కేఫ్ సెంటర్ దగ్గర టీ ఎక్కువ. నేను వదినగారి సంగతి ఎత్తగానే మంట పెట్టినట్టయింది. ఎక్సైజులో చేసి రిటైరైన మిత్రుడు కప్పు కింద పెట్టేశాడు. "ఏంటి, లీగల్ చేయమంటావా? సారా సంగతి మర్చిపోయావా?" అన్నాడు. 1992లో దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం మా అందరికీ కళ్ల ముందు జరిగింది. రిటైర్డ్ హెడ్మాస్టారు ఊరుకుంటారా? "సారా ఆపారు, 1995 జనవరిలో మొత్తం మద్యమే ఆపారు. ఏమైందయ్యా? యానాం సీసాలు పాల క్యాన్లలో దిగలేదూ? రెండేళ్లకే ఎత్తేశారు. నువ్వేగా చెక్‌పోస్టులో ఉన్నావు, చెప్పు" అన్నారు. మిత్రుడు సగం నవ్వి, "మాస్టారూ, పూర్తిగా ఆగలేదు గానీ, తాగి ఇంటికొచ్చి కొట్టేవాళ్లు తగ్గారు. అది కూడా లెక్కే" అన్నాడు. ఆ మాటకి హెడ్మాస్టారి దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు.

హెడ్మాస్టారు పేపరు అక్షరం వదలకుండా చదివే మనిషి. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి కమిషన్ గంజాయిని అతి ప్రమాదకరమైన మందుల జాబితా నుంచి తీసిందనీ, ఆ ఓటింగులో ఇండియా కూడా తీయమనే ఓటేసిందనీ ఆయన చెప్తేనే నాకు తెలిసింది. థాయిలాండ్ 2022లో గేట్లు బార్లా తెరిచి, వీధికో దుకాణం వెలిశాక భయపడి, 2025లో డాక్టరు చీటీ ఉంటేనే అని మళ్లీ సగం మూసిందని కూడా ఆయనే చెప్పారు. "అంటే మీరు ఏ పక్క మాస్టారూ?" అని అడిగాను. "నా మోకాలు నొప్పి పెట్టిన రోజు ఒక పక్క, మనవడు ఇంటికి లేటుగా వచ్చిన రోజు ఇంకో పక్క" అన్నారు. ఇంత నిజాయితీగా ఈ విషయం మీద మాట్లాడిన మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు.

ఇదిలా ఉండగా హైదరాబాదు నుంచి మా మేనల్లుడు కొరియర్‌లో ఒక చిన్న సీసా పంపాడు. డ్రాపర్ ఉన్న నూనె మందు. విజయ పత్రంతో, అంటే గంజాయి ఆకుతో, చేసిన ఆయుర్వేదం, చట్టబద్ధమేనన్నాడు. నిజమే. ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయి అంటే పూత, కాయలు ఉన్న కొనలు. ఒట్టి ఆకు ఆ నిర్వచనంలోకి రాదు. ఆయుర్వేదంలో ఆకుని శుద్ధి చేసి వాడటం పాతదే, విరేచనాలకి ఇచ్చే జాతీఫలాది చూర్ణంలో కూడా అదుంటుంది. అయితే ఔషధ నియమాల్లో దాన్ని విషద్రవ్యాల పట్టికలో పెట్టారు, వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలని సీసా మీద రాయాలి. సీసా మీద ఆ అక్షరాలు ఉన్నాయి, భూతద్దం పెడితే కనిపిస్తాయి. ఆ పర్యవేక్షణ ఎలా జరిగిందంటే, మేనల్లుడు నా తరఫున ఆన్‌లైన్‌లో ఒక ఫారం నింపాడు, ఎవరో వైద్యుడు వీడియోలో వాడితో ఐదు నిమిషాలు మాట్లాడాడు. నాకు స్టెంటు ఉందా, ఏ మాత్రలు వేసుకుంటున్నాను అనే ప్రశ్నే రాలేదు. నేను చూపించాల్సిన నాడి వాడు చూపించాడన్నమాట. "మావయ్యా, సహజమైనదే కదా, ఏమవుతుంది?" అని వాడి ధైర్యం. ఉమ్మెత్త కూడా సహజమైనదే.

సీసా జేబులో వేసుకుని పెయిన్ క్లినిక్‌కి వెళ్లాను. అక్కడి డాక్టరమ్మ మా అమ్మాయి వయసుది. సీసా చూసి ముఖం చిట్లిస్తుందనుకున్నాను. లేదు. లేబుల్ మొత్తం చదివింది. "బాబాయిగారూ, మంచి పని చేశారు, చాలామంది వాడేసి చెప్పకుండా దాస్తారు" అంది. తర్వాత నా మాత్రల చీటీ పక్కన పెట్టి ఒక్కొక్కటే చెప్పింది. స్టెంటు మూసుకుపోకుండా నేను వేసుకునే క్లోపిడోగ్రెల్ లివర్‌లో మార్పు చెందితేనే పనిచేస్తుంది. గంజాయి మొక్కలో ఉండే సీబీడీ ఆ మార్పు చేసే ఎంజైమునే అడ్డుకోగలదు. వార్ఫరిన్ వాడేవాళ్లకి ఇంకో రకం ఇబ్బంది, రక్తం మరీ పలచబడొచ్చు. టీహెచ్‌సీ గుండె వేగం పెంచుతుంది, కూర్చుని లేచేటప్పుడు బీపీ పడిపోయేలా చేస్తుంది. ప్రెగాబలిన్‌తో ఇప్పటికే తూలుతున్న మనిషికి అది తోడైతే తుంటి ఎముక విరగడానికి ఎంతసేపు? పైగా సీసా మీద ఆకుసారం ఎంతో రాశారు గానీ, అందులో టీహెచ్‌సీ ఎంత, సీబీడీ ఎంత అనేది లేదు. "ఎంత ఇస్తున్నానో తెలియని మందు నేనెలా ఇవ్వను?" అంది.

మరి పనికిరాదా అని అడిగాను. పనికిరాదనలేదు. నరాల నొప్పిలో కొందరికి కొంత ఉపశమనం కనిపించింది, అది పెద్దదేం కాదు, అందరికీ రాదు, అందుకే మొదటి వరసలో వాడరు అంది. మూర్ఛలో కొన్ని అరుదైన రకాలకి సీబీడీతో చేసిన మందుని అమెరికాలో 2018లోనే ఆమోదించారు. కీమో వాంతులకి టీహెచ్‌సీ నమూనాలో తయారుచేసిన మాత్రలు 1985 నుంచీ ఉన్నాయి. నాకు ఆ సంవత్సరం చెవిలో పడింది. మనం ఎన్‌డీపీఎస్ చట్టం చేసిందీ 1985లోనే.

నా చికిత్సలో చివరికి గంజాయి లేదు. ఈసీజీ చూసుకుని రాత్రిపూట చిన్న డోసు నార్ట్రిప్టిలిన్ మొదలుపెట్టారు, ప్రెగాబలిన్ సగానికి తగ్గించి రాత్రికే ఉంచారు. మంట ఉన్న పట్టీ మేరకి లిడోకెయిన్ ప్యాచ్ కత్తిరించి అంటించడం, 12 గంటలు ఉంచి 12 గంటలు తీసేయడం. ఆ ప్యాచ్ అంటించే పని మా ఆవిడ తీసుకుంది. అంచులు లేవకుండా అరచేత్తో అదిమి, ఫోన్‌లో అలారం పెట్టి, టైముకి తీసేది. నొప్పి ఒక్కసారిగా పోలేదు. ఒక పొద్దున చొక్కా వేసుకుని పేపరు మొత్తం చదివేశాక, చొక్కా వేసుకున్నానన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. దసరాకి కొండ మీద క్యూలో జనం రాసుకుంటూ తోసుకుంటూ పోతున్నా నిలబడి అమ్మవారిని చూసి వచ్చాను. ఇప్పటికీ ఏసీ గాలి నేరుగా తగిలితే చురుక్కుమంటుంది. దానితో బతకొచ్చు.

నా అభిప్రాయం ఏమిటని టీ బ్యాచ్ ఇప్పటికీ అడుగుతుంది. కిళ్లీ కొట్లో దొరకాలని నేను అనను. మా వీధిలో ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతూ గంజాయికి పడి, చదువు మానేసి, డీ అడిక్షన్ సెంటర్‌కి వెళ్లొచ్చిన కుర్రాడున్నాడు. వాళ్లమ్మ కేసు అవుతుందేమోనని ఏడాది పాటు ఎవరికీ చెప్పలేదు. అలవాటు పడ్డవాడు తనంతట తాను చికిత్సకి వస్తే కేసు నుంచి రక్షణ ఇచ్చే సెక్షన్ అదే చట్టంలో ఉంది, 64ఏ. ఆవిడకి అది చెప్పినవాడు లేడు. కాలేజీల దగ్గర మత్తుమందుల్ని అరికట్టే ఈగల్ పోలీసులు 1972 నంబరుతో పోస్టర్లు అంటించారు, మంచిదే. ఆ పోస్టరు కింద ఈ ముక్క కూడా రాస్తే బాగుండును.

కానీ క్యాన్సర్‌తో వాంతులు చేసుకునేవాడికి, నాలా నరం మంటతో రాత్రుళ్లు కూర్చునేవాడికి, అన్ని మందులూ అయిపోయాక ఇదొకటి చూద్దామని డాక్టరు అనుకుంటే, కొలిచిన డోసుతో, మందుల షాపులో చీటీ మీద దొరికే దారి ఉండాలి. మా వయసువాళ్లం తలా ఆరేడు రకాల మాత్రలు మింగుతున్నాం. మాకు కావాల్సింది ఆ చీటీ మొత్తం చదివే డాక్టరు. దారి మూసేస్తే నొప్పి ఆగదు కదా, కొరియర్‌లో సీసా వస్తుంది. ఎక్సైజు మిత్రుడు దీనికీ ఒప్పుకోలేదు. "చీటీలు అమ్ముకునే డాక్టర్లు లేరా? నిద్రమాత్రలకి జరగడం లేదా?" అన్నాడు. ఉన్నారు. ఆ మాట మీద మేం ఇంకా తేల్చుకోలేదు.

తేలింది మాత్రం ఒకటుంది. యాభై దాటినవాళ్లకి అక్కి రాకుండా టీకా ఉందనీ, 2023 నుంచి మన దేశంలో దొరుకుతోందనీ, రెండు డోసులు వేయించుకోవాలనీ డాక్టరమ్మ చెప్పింది. మా ఆవిడకి మొదటిది వేయించాను, రెండోది ఉగాది లోపు. ధర వినగానే బ్యాచ్ అంతా గుండె పట్టుకుంది. హెడ్మాస్టారు మాత్రం మెడికల్ షాపులో మా అందరికీ కలిపి కొంటే తగ్గిస్తారేమో కనుక్కుంటున్నారు.